కిల్కీ గోడ మీద ఇచ్చిన మాట

ఆ ఆదివారం పొద్దున నేను లిమరిక్ బస్టాండుకి చేరేసరికి మా అక్క కార్మెల్ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. ఒక చేతిలో ఫిడేలు పెట్టె, ఇంకో చేతిలో టీ ఫ్లాస్కు, చంకలో చుట్టిన తువ్వాలు. డెబ్భై ఒకటో ఏట కూడా పోలీసులా నిటారుగా నిలబడుతుంది.

"వచ్చావా మహాతల్లీ! బస్సు నీకోసం ఆగుతుందనుకున్నావా?" అంది.

బస్సుకి ఇంకా పావుగంట ఉంది. "నువ్వు తెల్లారకముందే లేచొచ్చి ఎవర్ని ఉద్ధరించావ్?" అన్నాను. ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే మా పలకరింపు. ముద్దుముద్దుగా మాట్లాడుకోవడం మా ఇంటావంటా లేదు.

ఏటా సెప్టెంబరు మొదటి ఆదివారం మేమిద్దరం తీరాన ఉన్న కిల్కీ ఊరికి వెళతాం. పగలంతా సముద్రం, సాయంత్రం టాల్టీ గారి పబ్బులో వాయించడం, ఎనిమిదిన్నర బస్సుకి వెనక్కి రావడం. బావ పోయిన ఏడు కూడా మానలేదు. అక్కది ఫిడేలు, నాది కాన్సర్టీనా. అరచేతుల మధ్య పట్టే చిన్న పెట్టె అది, లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు దాని మీద నా వేళ్ళు పెట్టించింది అక్కే. తప్పు వాయిస్తే ఫిడేలు కమానుతో మోకాలి మీద ఒకటి తగిలించేది కూడా.

ఈసారి నేను పెట్టెతో పాటు ఇంకో బరువు మోసుకెళుతున్నాను. అక్కకి ఒక మాట చెప్పాలి. పదకొండేళ్ళ కిందట అదే కిల్కీలో మాటిచ్చాను కాబట్టి చెప్పి తీరాలి.

అప్పట్లో టాల్టీ గారి పబ్బులో థేడీ కాన్సిడైన్ అనే ముసలాయన పెద్ద కుర్చీలో కూర్చుని ఫిడేలు వాయించేవాడు. అక్కకి సగం విద్య ఆయన పెట్టిందే. చివరి మూడు నాలుగేళ్ళు ఆయన మతి సరిగా ఉండేది కాదు, మొదలుపెట్టిన పాట వరస మధ్యలో తప్పిపోయేవాడు. మా దగ్గర వరస ఎవరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు వాళ్ళ వెనకే నడవాలి. మొహం మీద తప్పు చెప్పడమంత అమర్యాద ఇంకోటి లేదు. అందుకని అందరూ ఆయనకోసం నెమ్మదించేవాళ్ళు, ఆయన ఎటు పోతే అటు పోయేవాళ్ళు. అయిపోగానే, "భేష్ పెద్దాయనా, నీకు సాటెవరు!" అని బల్ల చరిచేవాళ్ళు. ఆ తరవాత ఆయన తల మీదుగా ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు.

నేను మాటిచ్చిన ఆ సాయంత్రం అక్క పబ్బులోంచి విసురుగా బయటికొచ్చి సముద్రం పక్క గోడ మీద కూలబడింది. "మెచ్చుకుని మెచ్చుకుని ఆయన్ని బతికుండగానే పాతిపెడుతున్నారే. జీవితమంతా ఒక్క స్వరం తప్పనివాణ్ణి పట్టుకుని! నాకు గాని ఈ గతి పడితే నువ్వు చెప్పాలి. మొహమాటపడ్డావంటే చంపేస్తా."

"నాకు పడితేనో?"

"నేను చెప్తా. నాకేం భయమా?"

మా తాత పశువుల సంతలో బేరం కుదిరితే అవతలివాడూ తనూ అరచేతుల్లో ఉమ్మేసుకుని చేతులు కలిపేవాళ్ళు. అలా కలిపాక మాట తప్పినవాడికి చుట్టుపక్కల నీళ్ళు పుట్టేవి కావు. మేమిద్దరం ఆ గోడ మీద అలాగే చేతులు కలిపాం. నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

ఇప్పుడు విషయానికొస్తాను. మా వరసలన్నిటికీ రెండేసి సగాలు. మొదటి సగం రెండుసార్లు, రెండో సగం రెండుసార్లు, మళ్ళీ మొదటికి. వందలకొద్దీ వరసలున్నాయి, చాలావాటికి అక్కచెల్లెళ్ళ పోలికలు. ఆదమరిచామంటే ఒకదాని మొదటి సగం వాయించి ఇంకోదాని రెండో సగంలోకి జారిపోతాం. ఎంతటివాళ్ళకైనా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, నవ్వుకుని బయటికొస్తారు. అక్క బయటికి రావడం లేదు. గురువారాలు అక్క వంటింట్లో కూర్చుని వాయించుకోవడం మాకు అలవాటు. ఆగస్టులో వరసగా నాలుగు గురువారాలు ఇదే జరిగింది. అక్క జారినప్పుడల్లా నేను బిత్తరపోయి చేతులాపేసేదాన్ని. తను మాత్రం కళ్ళు మూసుకుని కాసేపు వాయించి, కళ్ళు తెరిచి నా వంక అదోలా చూసేది. ఇద్దరం ఏమీ అనుకోకుండా టీ పెట్టుకునేవాళ్ళం.

కిల్కీలో దిగేసరికి ఎండ కాస్తోంది. నీళ్ళు బాగా వెనక్కి తీశాయి, పొలాక్ గుంటలు బయటపడ్డాయి. బండల మధ్య సముద్రం వదిలేసి వెళ్ళిన ఆ లోతైన మడుగుల్లోనే మా ఈత. అక్క రబ్బరు టోపీ పెట్టుకుని, ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని, ఒక్కసారిగా దూకింది. నేను మెట్టుమెట్టుకీ కేకలు పెడుతూ దిగాను.

"రాజుగారి రెండో భార్యలా ఏమిటే ఆ దిగడం! దూకు!"

"నా గుండె ఆగిపోతే నన్ను నువ్వు మోసుకెళతావా?"

"ఇక్కడే వదిలేస్తా. పీతలు తింటాయి."

నీళ్ళలో తను చేపే. చేతులు, కాళ్ళు, ఊపిరి, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అది చూసి నాకు ఆశ పుట్టింది. నేనే పొరబడ్డానేమో, వేసవి అలసటేమో అనుకున్నాను. అంతలోనే ఆ ఆశ మీద నాకే అసహ్యం వేసింది. చెప్పాల్సిన మాట ఎగ్గొట్టడానికి వెతుక్కునే సాకు అది. ఇద్దరం బండ అంచు పట్టుకుని రొప్పుతున్నాం. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే తనూ నోరు తెరిచింది.

"ఏంటే?"

"ఏం లేదు. నువ్వు చెప్పు."

"నాదీ ఏం లేదు. నువ్వే చెప్పు."

"నీళ్ళు చల్లగా ఉన్నాయంటున్నా."

"సెప్టెంబరులో వేడిగా ఉంటాయా, మొద్దూ!" అని నా మొహం మీద నీళ్ళు కొట్టి పైకెక్కిపోయింది.

ఒడ్డున గోడ మీద కూర్చుని హామ్ శాండ్‌విచ్‌లు తిన్నాం. అక్క లేచి వెళ్ళి, రోడ్డు పక్కన బండి మీద ఉడికించిన సముద్రపు నత్తలు అమ్మే ఆవిడ దగ్గర ఒక పొట్లం తెచ్చింది. నత్తని చిప్పలోంచి లాక్కోడానికి పొట్లానికి ఒక గుండుసూది గుచ్చి ఇస్తారు. ఆవిడకీ మాకూ ఇరవై ఏళ్ళ పరిచయం. "ఏం కార్మెలమ్మా, ఈ ఏడు కూడా చావలేదా?" అంటే, "నీ నత్తలు తిని కూడా బతికున్నానంటే ఇంక చావనులే" అని అక్క జవాబు. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. పొట్లం ఖాళీ చేశాం. కాగితం ఉండ చుట్టి నేనే జేబులో పెట్టుకున్నాను.

కాసేపు నడిచి వెనక్కి వస్తుంటే అక్క ఆగింది. "అయ్యో, నత్తలు తినకుండా పోతామా!" అని గబగబా ఆ బండి దగ్గరికే వెళ్ళింది. నా చెయ్యి జేబులో ఉన్న కాగితపు ఉండ మీదకి పోయింది. నత్తలావిడ ఒక్క క్షణం అక్కని చూసింది, ఆ తరవాత నన్ను చూసింది.

"ఏం కార్మెలమ్మా, ఈ ఏడు కూడా చావలేదా?" అంది, అదే గొంతుతో.

అక్క అదే జవాబు చెప్పింది. ఇద్దరూ మళ్ళీ అంతే నవ్వారు. ఆవిడ ఇంకో పొట్లం కట్టి, సూది గుచ్చి, ఎంతో ప్రేమగా అక్క చేతిలో పెట్టింది. ఆవిడ మంచిదే. ఆ మంచితనానికి ఆవిడ జుట్టు పట్టుకుని గుంజాలనిపించింది నాకు.

ఆ రెండో పొట్లం నేను తినలేకపోయాను. "కడుపులో బాలేదా?" అని అడిగింది అక్క. బాలేదన్నాను. అది అబద్ధం కాదు. పబ్బులోకి వెళ్ళేలోపు చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాను. చర్చి దగ్గర అనుకున్నాను, బ్యాండు మంటపం దగ్గర అనుకున్నాను. ప్రతిచోటా ఇంకో పదడుగులు వేశాక చెబుదాంలే అని వాయిదా వేశాను. ఐదున్నరకి టాల్టీ గారి పబ్బు తలుపు తోశాం.

అప్పటికే అయిదారుగురు గుండ్రంగా కూర్చున్నారు. ఫ్లూటు వాయించే కోల్మన్ లేచి, "రండక్కా, రండి! పెద్ద కుర్చీ మీకోసమే కాస్తున్నాం" అని అక్కని కూర్చోబెట్టాడు. అది థేడీ కుర్చీ. ఆయన పోయాక దాన్ని అక్కకి ఇచ్చారు. అందులో కూర్చోవడమంటే ఆ గదిలో అందరికంటే ఎక్కువ వరసలు తన దగ్గరున్నాయని ఒప్పుకున్నట్టు. నేను ఎప్పట్లా పక్క స్టూలు మీద కూర్చున్నాను. టాల్టీ గారు అక్కకి నల్ల బీరు, నాకు అల్లం రసం తెచ్చి పెట్టారు.

గంటన్నర బాగానే గడిచింది. వేరేవాళ్ళు ఎత్తుకున్న వరసల్లో అక్క వేళ్ళు తడుముకోకుండా నడిచాయి. ఒక ముసలమ్మ లేచి రెండడుగులు నాట్యం కూడా చేసింది. నాకు ఊపిరాడింది. అప్పుడు కోల్మన్, "అక్కా, ఏదైనా ఒకటి మీరెత్తుకోండి" అన్నాడు.

అక్క 'తడిసిన గడ్డివామి' ఎత్తుకుంది. థేడీ నేర్పిన వరస అది. మొదటి సగం రెండుసార్లు చక్కగా వచ్చింది. రెండో సగం రాగానే అక్క 'కుంటి గుర్రం'లోకి జారింది. ఈసారి చేతులాపకూడదని ముందే ఒట్టేసుకున్నాను. నేనూ తన వెనకే జారాను. నన్ను చూసి మిగతావాళ్ళూ వచ్చారు. ఫరవాలేదు, ఇలా కలిపి వాయించడం కొత్త సంగతి అనుకుంటారులే అనుకున్నాను. కానీ వెనక్కి మళ్ళాల్సిన చోట అక్క మొదటిదానికీ వెళ్ళలేదు, రెండోదానిలోనూ ఉండలేదు. మూడో వరసలో అడుగుపెట్టి, మళ్ళీ గుర్రం దగ్గరికే వచ్చింది. నాలుగుసార్లు, అయిదుసార్లు అదే తిరుగుడు. తెలియని ఊళ్ళో ఇల్లు వెతుక్కునే మనిషిలా తిరిగింది. అందరూ తన వెనకే తిరిగారు. ఆపడం తన చేతిలోనే ఉంది, ఎలా ఆపాలో తనకి తెలియడం లేదు.

నేను తట్టుకోలేకపోయాను. గడ్డివామి మొదటి సగం గట్టిగా ఎత్తుకుని తనని బయటికి లాగబోయాను. తను రాలేదు. రెండు వరసలూ ఢీకొని పిల్లులు కొట్టుకున్నట్టు అరిచాయి. నా వేళ్ళు చచ్చుబడి ఆగిపోయాయి. కోల్మన్ ఫ్లూటు పైకెత్తి, ఇంకో వరసలోకి అందరినీ మళ్ళించి, రెండు చుట్లలో ముగించేశాడు.

"భేష్ కార్మెలక్కా, నీకు సాటెవరు!" అన్నాడు.

బల్లలు మోగాయి. ఆ తరవాత వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు నాకు పదకొండేళ్ళుగా గుర్తు.

అక్క వాళ్ళందరినీ ఒకసారి చూసి ఇటు తిరిగింది. నన్నే చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. తెలిసిపోయింది దానికి, అనుకున్నాను. నా గుండె చెరువైంది, ఒక పక్క హాయిగానూ ఉంది. తెలిసిపోతే ఇంక నేను చెప్పక్కర్లేదు కదా!

నేను పెట్టె సర్దుకుంటుంటే కోల్మన్ నా పక్కన వంగి, "ఏం దిగులుపడకండక్కా, మేం చూసుకుంటాం. ఆవిడ ఎటెళితే మేమూ అటే" అని గొణిగాడు.

"మీ చూసుకోవడం తగలెయ్య!" అన్నాను. పాపం, అతను బిక్కచచ్చిపోయాడు.

ఎనిమిది కావస్తోంది. సముద్రం మళ్ళీ నిండుకొచ్చింది, పొద్దున మేం ఈదిన గుంటలు ఎక్కడున్నాయో ఆనవాలు లేదు. బస్సు ఆగేది ఆ గోడ పక్కనే. ఇద్దరం గోడ మీద కూర్చున్నాం, పెట్టెలు మధ్యలో పెట్టుకుని. అక్క నావైపు తిరిగింది.

"ఏమే డింప్నా, ఇక్కడ మనం ఒక మాట అనుకున్నాం, గుర్తుందా? థేడీ ఉన్నప్పుడు."

"గుర్తుంది."

"చేతులు కలిపాం."

"కలిపాం అక్కా." అడగబోతోంది. అడిగితే చెప్పేస్తాను, ఇంక తప్పదు అనుకున్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. మా ఇంట్లో అలా చేతులు పట్టుకోవడాలు లేవు. "నిన్ను నొప్పించాలని కాదే. పొద్దున్నించీ చెబుదామనుకుంటున్నా, నోరు రావడం లేదు. నీళ్ళలో ఉన్నప్పుడే చెప్పెయ్యబోయా. నీ చెయ్యి పోతోందే."

నాకు అర్థం కాలేదు. "ఎవరి చెయ్యి?"

"నీదే, మొద్దూ. నాలుగు గురువారాలుగా చూస్తున్నా. రెండో సగం రాగానే ఆగిపోతావు. బిత్తరచూపులు చూస్తావు. ఇవాళైతే అందరూ ఒక దారినపోతుంటే నువ్వొక్కదానివే ఏదో అరిపించావు. వాళ్ళు మొహాలు చూసుకోవడం నేను చూశా. థేడీని చూసినట్టే చూశారే నిన్ను." అక్క బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "వాళ్ళు నిన్ను అలా చూస్తుంటే నేను భరించలేను. ఇంక నలుగురిలో వాయించకే. మాటిచ్చాను కాబట్టి చెబుతున్నా. నన్ను తిట్టుకో, కొట్టు, చెప్పక తప్పదు."

ఒక్కసారిగా నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, ఏడుపొచ్చింది. నేను కాదే, నువ్వు! అని అరవాలనిపించింది. నత్తల కాగితం ఇంకా నా జేబులోనే ఉంది, తీసి మొహాన కొట్టాలనిపించింది. యాభై అయిదేళ్ళ విద్య నాది. ఆ సాయంత్రం నా వేళ్ళు ఎంత బాగా పలికాయో నాకు తెలుసు. కానీ మా ఇద్దరిలో మాట నిలబెట్టుకున్నది తనే. నేను రోజంతా దాటేసిన మాటని, మతి చెదిరిన మనిషి, ఏడుస్తూ అయినా నా మొహం మీద చెప్పింది.

"నిజమే అక్కా," అన్నాను. "నాకూ అనుమానంగానే ఉంది."

"కోపం రాలేదా?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు చెబుతారు? మానేస్తాను. కానీ నాదో షరతు. నువ్వూ మానెయ్యాలి."

"నేనెందుకే? నాకేమొచ్చింది?"

"నువ్వు ఆ కుర్చీలో కూర్చుని వాయిస్తుంటే, నేను ఇంట్లో కూర్చోవాలా? నావల్ల కాదు. వెళితే ఇద్దరం, మానితే ఇద్దరం."

అక్కకి ఆ కుర్చీ ఏమిటో నాకు తెలుసు. బావ పోయినప్పుడు కూడా తను ఏడ్చింది ఆ కుర్చీలో కూర్చున్నాకే. మూలమలుపులో బస్సు దీపాలు కనిపించాయి. అక్క అరచేతిలో ఉమ్మేసుకుని చెయ్యి చాపింది. నేనూ ఉమ్మేసుకుని కలిపాను. దాని పట్టు ఎప్పటిలాగే గట్టిగా ఉంది.

"గురువారాలు మాత్రం మానొద్దు," అంది ముక్కు చీదుకుంటూ. "వంటింట్లో మనిద్దరమే కదా, ఎవరికి తెలుస్తుంది? నువ్వు తప్పినా నేను నీ వెనకే వస్తాలే."

బస్సు వచ్చి ఆగింది. "ఆ పెట్టె ఇటియ్యి, నేను మోస్తా" అని, నేను జబ్బు మనిషినన్నట్టు నా కాన్సర్టీనా లాక్కుని, నా మోచెయ్యి కింద చెయ్యి వేసి మెట్టు ఎక్కించింది. తనూ ఎక్కి, కిటికీ పక్క సీటు నాకు చూపించి, నా పెట్టె జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుంది.

కిటికీలోంచి గోడ కనిపిస్తోంది. దాని మీద అక్క ఫిడేలు ఉంది. తలుపు మూసుకోబోతుంటే డ్రైవరుని ఒక్క నిమిషం ఆగమని, నేను దిగి వెళ్ళి దాన్ని తెచ్చుకున్నాను.